‘చూద్దాంలే’ అన్న పాపానికి

పోయినవారం ఈ శీర్షిక రాలేదేమని ముగ్గురు పాఠకులు అడిగారు. ముగ్గురేనా అని నేనేం బాధపడలేదు. మిగతావాళ్ళంతా మనసులో అనుకుని ఊరుకుని ఉంటారని సరిపెట్టుకున్నాను. సంగతేమిటంటే, నాలుగు రోజులు సెలవు పెట్టి మా ఊరెళ్ళాను.

మా ఊరంటే నెల్లూరు. ఇంకాస్త నిజం చెప్పాలంటే నెల్లూరుకీ మైపాడు సముద్రానికీ నడిమధ్య. హైదరాబాదులో ఎవరైనా అడిగితే దర్జాగా ‘నెల్లూరు’ అంటాను. నెల్లూరు వాళ్ళే అడిగితే మాత్రం ‘మైపాడు రోడ్డు’ అని గొంతు తగ్గిస్తాను.

సోమవారం పొద్దున ఆఫీసులో అడుగుపెట్టానో లేదో, మొదటి ప్రశ్న: “ఊళ్ళో ఏం పిక్చర్ చూశావు?” సినిమా పత్రికలో పనిచేసేవాడి బతుకింతే. ఎక్కడికెళ్ళినా సినిమా హాలుకే వెళ్ళాడనుకుంటారు. “ఏదీ చూళ్ళేదు” అన్నాను. ఎవరూ నమ్మలేదు. నమ్మకపోయినా నా చేతిలోని మలైకాజా డబ్బా మాత్రం లాక్కున్నారు. అయిదు నిమిషాల్లో డబ్బా ఖాళీ. నాకు మిగిలింది అడుగున అంటుకున్న పాకం.

కుర్చీలో కూలబడి చెప్పులు విదిలించాను. బల్లకింద గుప్పెడు ఇసక రాలింది. ఊడవడానికొచ్చిన ఆయమ్మ చూసి, “సముద్రాన్ని వెంటబెట్టుకొచ్చారా సార్?” అంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కానీ ఇసకతో పాటు ఇంకొకటి కూడా నా వెంట వచ్చింది. అది ఊడిస్తే పోయేది కాదు. ఈ వారం దాని సంగతే చెబుతాను.

* * *

సెలవు ప్రయాణంలో మొదటి ఘట్టం టిక్కెట్టు. సికింద్రాబాదు నుంచి గూడూరు దాకా పోయే సింహపురి ఎక్స్‌ప్రెస్ మాకు ఇంటి బండి లాంటిది. నెల్లూరుకి పాతపేరు విక్రమసింహపురి గదా, అందుకని ఆ బండెక్కితే సగం ఊరు చేరినట్టే లెక్క. అయితే ఎక్కాలి కదా! వేసవి సెలవుల్లో వెయిటింగ్ లిస్టు చాంతాడంత. కొత్త సినిమా తీసిన నిర్మాత కలెక్షన్లు చూసుకున్నట్టు నేను గంటకోసారి ఫోన్లో నా నెంబరు చూసుకున్నాను. నిర్మాత అంకె పెరగాలని చూస్తాడు, నేను తగ్గాలని చూశాను. అంతే తేడా. చివరికి బాత్రూము పక్కన పైబెర్తు దొరికింది. సెలవుకి పోయేవాడికి అదే స్వర్గం.

కావలి దాటాక నిద్ర పట్టదు. ఒకప్పుడు బొగ్గు ఇంజన్లకి పెద్ద షెడ్డు ఉండిన బిట్రగుంట పోతుంది, పడుగుపాడు పోతుంది, ఆ తర్వాత పెన్న వంతెన. చక్రాల చప్పుడు మారగానే పెట్టె మొత్తం లేచి కూర్చుంటుంది. ఒడ్డున రంగనాయకస్వామి గాలిగోపురం కనబడితే ముసలివాళ్ళు దణ్ణం పెడతారు, కుర్రవాళ్ళు సెల్ఫీ తీస్తారు. నేను రెండూ చేస్తాను.

ఇంటికి పోగానే అమ్మతో చెప్పాను: “చేపల పులుసు తినడానికే వచ్చా. సముద్రం చేప కావాలి. వంజరమో, చందువో.”

అమ్మ నన్ను ఎగాదిగా చూసింది. “పట్నంలో ఉండి అన్నీ మర్చిపోయినావు నాయనా. ఇప్పుడు వేట యాడిది? బోట్లన్నీ ఒడ్డున బోర్లా ఉండాయి. చెరువు చేప దొరికింది, అదే చేసినా” అంది.

పుల్లమామిడికాయ ముక్కలు వేసి రాత్రి చేసిన పులుసు పొద్దున అన్నంలోకి తిన్నాను. మా వైపు చేపల పులుసు చేసిన పూట తినేవాడు తొందరపాటు మనిషి. ఒక రాత్రి ఊరనివ్వాలి. రుచికేం లోటు లేదు. కానీ సముద్రానికి ఇంత దగ్గర పుట్టి, వేట నిషేధం సంగతి మర్చిపోయానే అని మాత్రం మనసులో ముల్లు గుచ్చుకుంది.

మర్చిపోయింది అదొక్కటే కాదని సాయంత్రానికి తెలిసింది.

* * *

మైపాడు పోయే దారిలో రెండువైపులా రొయ్యల గుంటలు. వాటిల్లో నీళ్ళు చిమ్ముతూ తిరిగే చక్రాలు. అవి దాటితే బకింగ్‌హామ్ కాలువ. మా తాతల కాలంలో ఉప్పూ, కట్టెలూ పడవల్లో మద్రాసు పోయింది ఈ కాలువ మీదనే. అది దాటితే సరుగుడు తోపులు, ఆ తర్వాత సముద్రం. ఆదివారం గనక నెల్లూరు సగం అక్కడే ఉంది. మొక్కజొన్న కండెలు, మిరపకాయ బజ్జీలు, కెరటం మీదపడితే కేకలు. బోట్ల వరస దగ్గర మాత్రం సందడి లేదు. అక్కడ తాటాకు పందిరి కింద కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు నా స్నేహితుడు.

వీడూ నేనూ హైస్కూల్లో ఒకే బెంచీ. ఒకే సైకిలు మీద పన్నెండు కిలోమీటర్లు తొక్కి నెల్లూరులో మాట్నీ చూసి, చీకటిపడేలోగా ఇల్లు చేరినవాళ్ళం. హాల్లో వాడి ఈలకి తిరుగు లేదు. హీరో వచ్చేటప్పుడు వాడు ఈలేస్తే ఆపరేటరు కూడా కిటికీలోంచి తొంగిచూసేవాడు. ఆ ఈల ఊరికే వచ్చింది కాదు లెండి. కెరటాల హోరులో ఒక తెప్ప నుంచి ఇంకో తెప్పకి వినబడేలా వాళ్ళ నాయన నేర్పిన ఈల అది. పదో తరగతి తర్వాత నేను కాలేజీకి పోయాను, వాడు కడలికి పోయాడు. ఇప్పుడు ఒక ఫైబర్ బోటులో వాడికి పాలు ఉంది.

“ఏందబ్బయ్యా, సెలవలా?” అన్నాడు, వల మీదనుంచి తలెత్తకుండా.

“నాల్రోజులు.”

“నాలుగేనా? మాకు అరవయ్యొక్క రోజులు. జీతం లేని సెలవ!” అని నవ్వాడు.

తెలియని పాఠకుల కోసం చెబుతాను. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఇంజను ఉన్న బోటు ఏదీ వేటకి పోకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలం గనక వాటిని బతకనిస్తే తర్వాత మనకే మంచిదని ఈ నియమం. ఇంజను లేని తెప్పలకి మాత్రం మినహాయింపు. వెనక ఈ నిషేధం ఇంకా తక్కువ రోజులే ఉండేది. 2015లో అరవై ఒకటి చేశారు. పడమటి తీరానికి జూన్, జులై నెలలు. ఈ రోజులకి ప్రభుత్వం ఇచ్చే భృతి మన రాష్ట్రంలో 2019లో పదివేలైంది, 2025లో ఇరవై వేలు చేశారు.

ఇరవై వేలని అరవై ఒకటితో భాగించి చూశాను. రోజుకి మూడువందల ఇరవై ఏడు రూపాయల చిల్లర. ఆ డబ్బుతో నలుగురున్న ఇల్లు గడవాలి. మల్టీప్లెక్సులో మనం పెట్టే ఖర్చుతో పోల్చుకోమని మీకు చెప్పను. మీరే పోల్చుకుంటారు.

“నిషేధం మంచిదేరా. కాదనను. చేప బతికితేనే మేం బతికేది. సెలవలో ఏం తినాలనేదే కత” అన్నాడు వాడు.

అప్పుడు నా నోటినుంచి అలవాటుగా ఒక మాట జారింది. “హైదరాబాదులో ఏదన్నా పని ఉంటుందేమో, నేను చూస్తాలేరా.”

వల అల్లుతున్న చెయ్యి ఆగింది. వాడు తలెత్తి నావైపు చూసి, మళ్ళీ నవ్వాడు.

“పోయినేడు కూడా ఇదే మాటన్నావు.”

* * *

అన్నానట. నిరుడు కూడా సెలవలకే వచ్చాను. ఇదే పందిరి కిందే కూర్చున్నాను. ఈ రెండు నెలలూ సినిమా సెట్టులోనో, వాచ్‌మన్‌గానో, ఏదైనా సరే పని ఉంటే చెప్పమని వాడు అడిగాడు. “చూద్దాంలే, ఫోన్ చేస్తా” అన్నాను. బజ్జీలు తిన్నాం, పాత సినిమాలు తలుచుకున్నాం. నేను రైలెక్కాను. కావలి దాటేసరికే ఆ మాట మర్చిపోయి ఉంటాను.

వాడు మర్చిపోలేదు. వారం తర్వాత ఒక మేస్త్రీ ఊళ్ళోకి వచ్చి చెన్నైలో కట్టుబడి పనికి మనుషుల్ని పోగుచేశాడట. “నేన్రాను, మావోడు హైదరాబాదులో చూస్తానన్నాడు” అని చెప్పాడట వీడు. ఇరవై రోజులు చూశాడు. ఆ తర్వాత మేస్త్రీకి ఫోన్ చేస్తే మనుషులు సరిపోయారన్నాడు.

“నాకు ఫోన్ చెయ్యొచ్చు గదరా?”

“రెండుసార్లు చేసినా. పనిలో ఉండా, మళ్ళీ చేస్తానన్నావు.”

అప్పుడు గుర్తొచ్చింది. ఏదో ట్రైలర్ విడుదల సభ. స్పీకర్ల మోతలో చెవి మూసుకుని మాట్లాడాను. ఎవరితో మాట్లాడానో కూడా ఆ రాత్రికి గుర్తు లేదు.

భృతి డబ్బు పాత అప్పుకీ, ఇంజను రిపేరుకీ సరిపోయింది. ఇంటి ఖర్చుకి చేపల షావుకారు దగ్గర అడ్వాన్సు తీసుకున్నాడు. ఈ అడ్వాన్సు సంగతి తీరంలో పుట్టినవాళ్ళకి తెలుసు. డబ్బు ఇచ్చినవాడికే చేప ఇవ్వాలి. వాడు చెప్పిందే ధర. పక్కవాడు కిలోకి ముప్ఫై రూపాయలు ఎక్కువిస్తానన్నా అటు చూడకూడదు. అప్పు తీరేదాకా అంతే. వాడిది తీరడానికి ఏడాది పట్టింది.

అంటే నేను తేలిగ్గా అన్న ఒక్క మాటకి వాడి ఏడాది వేట ముడిపడిపోయింది. ఇదంతా వాడు తిట్టి చెప్పలేదు. వేరే ఎవరికో జరిగిన తమాషా చెబుతున్నట్టు చెప్పాడు. తిట్టినా బాగుండేది.

నేను జేబులోంచి ఫోను తీశాను. “ఆ అడ్వాన్సు ఎంతైందో చెప్పు...”

“డబ్బు మాట మాట్లాడబాక” అన్నాడు ఠక్కున. కాసేపాగి, “నీమీద కోపమేం లేదురా. లేదు అనుంటే ఆ పూటే వేరే దావ చూసుకునేవాణ్ణి. అంతే” అన్నాడు. ఈ ఏడాది నన్నేమీ అడగకుండానే రొయ్యల గుంటల దగ్గర రాత్రి కాపలా కుదుర్చుకున్నాడట.

నేను లేవబోతుంటే అన్నాడు: “మావోడు నీతో మాట్లాడాలంటన్నాడు. వాడికి మాత్రం నిజం చెప్పు.”

* * *

‘మావోడు’ అంటే వాడి కొడుకు. ఈ ఏడాదే ఇంటర్ పాసయ్యాడు. తండ్రి ఈల కొడుక్కి రాలేదు గానీ సినిమా పిచ్చి మాత్రం వచ్చింది. సూళ్ళూరుపేట దగ్గర 2019లో కట్టిన పెద్ద తెర హాలుకి స్నేహితులతో కలిసి పోయొచ్చిన కథ పావుగంట చెప్పాడు. బోటు కెరటాల మీదికెక్కే దృశ్యాలు ఫోన్లో తీసి, తనే కత్తిరించి, తనే కలిపిన వీడియో చూపించాడు. బాగుంది. నిజంగానే బాగుంది.

“మామా, నేను హైదరాబాదు వచ్చేస్తా. ఎడిటింగ్ నేర్చుకుంటా. మీకందరూ తెలుసు గదా?”

నా నాలుక చివరికి ఆ పాత మాట వచ్చేసింది. ‘చూద్దాంలే’. ఎంత సుఖమైన మాట! అన్నవాడికి ఖర్చు లేదు, విన్నవాడికి ఆశ. పందిరి కిందనుంచి వాడి నాయన చూస్తున్నాడు. మింగేశాను.

“మన నెల్లూరోళ్ళు ఎంతమంది పోలేదు మామా!” అన్నాడు కుర్రాడు, నేను మాట్లాడకపోయేసరికి.

నిజమే. సినిమా అంతా మద్రాసులో ఉన్న రోజుల్లో మా జిల్లావాళ్ళకి అది పక్క ఊరే. రమణారెడ్డి పోయారు, రాజనాల పోయారు, వాణిశ్రీ పోయారు. ఆ ఉత్సాహం నాకూ తెలుసు. కానీ వాడికి ఇంకోవైపు కూడా చెప్పాను. రమణారెడ్డి సినిమాల్లోకి పోకముందు శానిటరీ ఇన్‌స్పెక్టరుగా ఉద్యోగం చేశారు. రాజనాల నెల్లూరులో రెవెన్యూ శాఖలో పనిచేస్తూ నాటకాలాడారు. బాలసుబ్రహ్మణ్యం మద్రాసులో ఇంజనీరింగు చదువుకుంటూ పాటల పోటీల్లో పాడారు. సినిమా తలుపు తెరుచుకునేదాకా చేతిలో ఏదో ఒక పని, ఏదో ఒక చదువు ఉంది.

బాలుగారి సంగతి చెబుతూ ఉంటే నాకే ఒకటి తట్టింది. పోటీలో ఆ కుర్రాడి గొంతు విని అవకాశమిస్తానన్నది సంగీత దర్శకుడు కోదండపాణి. ఊరికే అని ఊరుకోలేదు, ఇచ్చారు. 1966 డిసెంబరులో ఆ మొదటి పాట రికార్డయింది. ‘శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న’ 1967లో విడుదలైంది. ఆ తర్వాత బాలు ఎంతవారయ్యారో మీకు చెప్పక్కర్లేదు. తన సొంత రికార్డింగు థియేటరుకి ఆయన పెట్టుకున్న పేరు కోదండపాణిది. మాట నిలబెట్టుకున్నవాడి పేరు అలా ఉండిపోయింది. నిలబెట్టుకోనివాళ్ళు మద్రాసులో ఎంతమంది ఉండేవారో! వాళ్ళ పేర్లు ఎవరికి గుర్తున్నాయి?

కుర్రాడితో అన్నాను: “నాకు ఎడిటర్లు ఇద్దరు ముగ్గురు తెలుసు. వాళ్ళ దగ్గర అసిస్టెంట్లుగా చేరినవాళ్ళు ఏళ్ళ తరబడి చాలీచాలని డబ్బుతో గడుపుతున్నారు. గది అద్దె, తిండి ఎవరు పెడతారు? మీ నాయన పెట్టలేడు, నేను పెట్టించలేను. నీకు ఉద్యోగం ఇప్పించడం నావల్ల కాదు. ఒక్కటి చెయ్యగలను. ఒక ఎడిటర్ని అడుగుతాను, నీ వీడియో చూసి, రెండ్రోజులు తన పక్కన కూర్చోనిస్తారా అని. ఇస్తారో లేదో తెలీదు. శుక్రవారం లోపల ఫోన్ చేసి అవునో కాదో చెబుతాను. కాలేజీ దరఖాస్తు మాత్రం ఆపకు.”

వాడి మొహం చిన్నబోయింది. పందిరి కింద వాడి నాయన మళ్ళీ వల అందుకున్నాడు.

* * *

ఇక సోమవారం దగ్గరికి వస్తాను.

బల్లమీద నాలుగు రోజుల ఉత్తరాలు, మెయిళ్ళు. మామూలుగా వచ్చేవే. హీరోయిన్ ఎత్తు ఎంత అనేవాళ్ళు కొందరు, మా హీరోని తక్కువచేసి రాశావేమని కోప్పడేవాళ్ళు కొందరు. ఎప్పటిలాగే ఇంకో కట్ట ఉంది. “సార్, ఒక్క ఛాన్స్.” ఈసారి పద్నాలుగు. బొబ్బిలి నుంచి ఒకటి, కోదాడ నుంచి రెండు, బళ్ళారి నుంచి ఒకటి... వీటికి ఇన్నేళ్ళుగా నేనిచ్చే జవాబు ఒకటే: ‘ప్రయత్నిస్తూ ఉండండి, చూద్దాం.’ మంచివాడిననిపించుకోవడానికి ఇంతకంటే తేలికైన దారి లేదు.

ఆ పద్నాలుగుమందిలో మేస్త్రీని వెనక్కి పంపినవాడు ఎవడో, కాలేజీ సీటు వదులుకున్నవాడు ఎవడో నాకేం తెలుసు?

అందుకని ఈసారి పద్నాలుగుమందికీ వేరే జవాబు రాశాను. అదే ఇక్కడా అచ్చువేస్తున్నాను. అవకాశం ఇప్పించగల మనిషిని కాను నేను. సినిమాల గురించి రాసేవాడిని, అంతే. తెర వెనక ఇరవై నాలుగు క్రాఫ్టులున్నాయి, వాటికి సంఘాలున్నాయి, వాటిల్లో సభ్యత్వం కావాలి. అక్కడా చాలామందిది రోజు కూలీయే. 2025 ఆగస్టులో ఆ కూలి పెంచమనే హైదరాబాదులో సినీ కార్మికులు రెండు వారాలకి పైగా షూటింగులు ఆపేశారు. ఇవన్నీ తెలిసి, చేతిలో ఒక పనో చదువో పెట్టుకుని వచ్చేవాళ్ళకి నా నమస్కారం. నన్ను నమ్ముకుని మాత్రం రాకండి.

ఈ జవాబు చదివి కొందరు నన్ను తిట్టుకుంటారు. ఫరవాలేదు. తిట్టుకుని ఆ పూటే వేరే దావ చూసుకుంటారు.

ఎడిటర్‌గారికి సోమవారం మధ్యాహ్నమే ఫోన్ చేశాను. బుధవారం దొరికారు. వీడియో చూశారు. “కుర్రాడికి చూపు ఉందండీ. కానీ ఇప్పుడు నా గదిలో నాకే చోటు లేదు. ఈ ఏడాదికి కుదరదు” అన్నారు. గురువారం రాత్రే మైపాడుకి ఫోన్ చేసి చెప్పేశాను. కుదరదన్నారు, చూపు ఉందన్నారు, రెండూ చెప్పాను.

అటువైపు కాసేపు సముద్రం హోరు వినబడింది. తర్వాత, “సరే మామా. రేపు నెల్లూరు పోయి డిగ్రీకి అప్లికేషన్ పెడతా” అన్నాడు. గొంతులో దిగులుంది, దాచుకోలేదు. కానీ ఫోను పెట్టేముందు, “గురువారమే చేశావే!” అన్నాడు. అప్పుడు తెలిసింది, శుక్రవారం దాకా వాడు రోజులు లెక్కపెట్టుకుంటున్నాడని.

వాడి నాయన ఫోను తీసుకుని, “జూన్ పద్నాలుగు రాత్రి దాటితే వేటకి పోతాం. వంజరం పడితే మీ అమ్మకి పంపిస్తా” అన్నాడు. చూద్దాం అనలేదు వాడు, పంపిస్తానన్నాడు. వాడి మాట మీద నాకు అనుమానం లేదు.

బల్లకింద ఇసక ఆయమ్మ ఊడ్చేసింది గానీ మూలన కాస్త మిగిలింది. వద్దులే, ఉండనీ అన్నాను.

వచ్చేవారం కలుసుకుందాం. తప్పకుండా.